కప్ప గెంతడం, ఈదడం రెండూ ఒకే కదలికేనా?

ప్రశ్న కొంచెం పెద్దగా ఉంది, కుదిస్తే ఇదీ: "మా పెరట్లో సిమెంటు నీళ్ళ తొట్టి ఉంది. వానాకాలం వచ్చిందంటే కప్పలు చేరతాయి. నేల మీద గెంతే కప్పే తొట్టిలో పడగానే ఈదేస్తుంది. రెండు చోట్లా వెనక కాళ్ళతోనే తంతోంది కదా, రెండూ ఒకే కదలిక అనుకోవచ్చా? ఒంటి నిండా పొక్కులుండే గోదురు కప్ప మాత్రం సరిగ్గా గెంతదేం? ఉభయచరాలన్నీ ఇలాగే కదులుతాయా? ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను."

ముందు జవాబు చెప్పేస్తాను. రెండూ ఒకే కదలిక కాదు. కాళ్ళు అవే, చాలావరకు కండరాలూ అవే. కానీ నేలని తన్నితే నేల కదలదు. నీళ్ళని తన్నితే నీళ్ళు వెనక్కి పోతాయి. కాలిని ఎలా చాచాలి, ఏ భాగంతో నెట్టాలి, తన్నిన తర్వాత ఏం చెయ్యాలి అనేవన్నీ ఈ ఒక్క తేడాతో మారిపోతాయి. ఇక చివరి ప్రశ్నకి జవాబు, కాదు. కాళ్ళే లేని ఉభయచరాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా తరం చదువులో కప్పని కోసి, ఎముకల పేర్లు బట్టీ పట్టి, బొమ్మ గీస్తే మార్కులు వచ్చేవి. బతికున్న కప్ప ఎలా కదులుతుందో ఎవరూ అడిగేవారు కాదు. యూజీసీ ఆ కోతలు ఆపించాక కొందరు లెక్చరర్లు "ఇక ప్రాక్టికల్స్ ఏముంటాయి" అని బాధపడ్డారు కానీ, ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసుకుంటూ చెరువు గట్టున గంటసేపు కూర్చుంటే వచ్చే జ్ఞానం ఆ ట్రేలో ఎప్పుడూ రాలేదని నా అభిప్రాయం. కింద చెప్పేవాటిలో సగం మీ అమ్మాయి కూడా అలా స్వయంగా చూడగలదు.

ముందు నేల మీద సంగతి. కూర్చున్న కప్పని పక్కనుంచి చూడండి. నడుము దగ్గర ఒక మూపు లేచి ఉంటుంది. తుంటి ఎముకలు చాలా పొడుగ్గా సాగి, వెన్నెముకతో కలిసే చోటు అది. కప్పకి వెన్నుపూసలు చాలా తక్కువ. మనం చూసే మామూలు కప్పల్లో తొమ్మిదే. ఆ వెనక తోక పూసలన్నీ కలిసిపోయి యూరోస్టైల్ అనే ఒకే కడ్డీ అయ్యాయి. గెంతేటప్పుడు ఆ మూపు దగ్గరి వంపు తెరుచుకుని ఒళ్ళంతా తిన్నగా అవుతుంది. పిక్కలో ఉండాల్సిన రెండు ఎముకలు కలిసిపోయి ఒకటయ్యాయి. చీలమండ దగ్గరి రెండు చిన్న ఎముకలు మాత్రం సాగి పొడుగయ్యాయి. దాంతో కాలికి మనకి లేని ఒక మడత అదనంగా వచ్చింది. మడతలు ఎక్కువైతే చాచినప్పుడు పొడవు ఎక్కువ, పాదం నేలని నెట్టే దూరమూ ఎక్కువ.

అయితే పొడవు ఒక్కటే చాలదు. గెంతు మొదలవడం నుంచి పాదం నేలని వదిలేదాకా పట్టేది సెకనులో పదో వంతు లాంటి సమయం. అంత తక్కువ టైములో అంత శక్తిని కండరం సొంతంగా ఇవ్వలేదు. క్యూబా చెట్టుకప్ప మీద కొలిచినప్పుడు, గెంతులో కనిపించిన గరిష్ఠ శక్తి దాని కండరాలు ఇవ్వగలిగిన దానికన్నా ఏడు రెట్లు పైనే ఉంది. మరి మిగతాది ఎక్కడిది? 2012లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ యాస్ట్‌లీ, థామస్ రాబర్ట్స్ కప్పలకి ఎక్స్‌రే వీడియో తీసి చూశారు. చీలమండ ఇంకా కదలకముందే పిక్క కండరం కుదించుకుపోతోంది. అంటే ఆ సమయంలో కండరం కాలిని చాచడం లేదు, తన చివరున్న టెండన్‌ని, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటి దాన్ని, లాగి బిగిస్తోంది. ఆ బిగువు ఒక్కసారిగా వదిలినప్పుడు చీలమండ తెరుచుకుంటుంది. పంగలకర్రలో రబ్బరుని నెమ్మదిగా లాగుతాం, రాయి మాత్రం రివ్వున పోతుంది. అదే లెక్క.

మీ అమ్మాయికి ఇంకో విషయం చెప్పండి, ఆమెకి నచ్చుతుంది. కాలిఫోర్నియాలో కలావెరాస్ కౌంటీ అనే చోట ఏటా కప్పల గెంతుల పోటీ జరుగుతుంది. 1986లో రోజీ ది రిబిటర్ అనే కప్ప మూడు గెంతుల్లో 21 అడుగుల 5¾ అంగుళాలు దాటింది. ల్యాబుల్లో అదే జాతి కప్ప ఒక గెంతులో 1.3 మీటర్లు దాటలేదని పుస్తకాల్లో ఉండేది. యాస్ట్‌లీ బృందం ఆ పోటీకే వెళ్ళి వీడియో తీసి కొలిస్తే 2.2 మీటర్ల గెంతు కూడా దొరికింది. ఈ వివరాలు 2013లో అచ్చయ్యాయి. పోటీదారులు కప్పల్ని వెచ్చగా ఉంచుతారు, వెనకనుంచి మీద పడబోయినట్టు దూకి బెదరగొడతారు. ల్యాబులో చల్లటి ట్రేలో పెట్టి పెన్సిలుతో పొడిస్తే ఏ కప్పైనా ఎందుకు ప్రాణం పెట్టి గెంతుతుంది? చలికాలం పొద్దున్నే మీ పెరటి కప్ప రెండు చిన్న గెంతులు వేసి ఆగిపోతే, దాని సత్తా అంతేనని రాసుకోవద్దు.

గెంతడం సగమే, మిగతా సగం దిగడం. దీని గురించి పాఠాల్లో పెద్దగా చెప్పరు. ముందు కాళ్ళు ఎందుకంటే "శరీరాన్ని ఎత్తి పట్టడానికి" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. నిజానికి వాటి అసలు పరీక్ష నేలని తాకేటప్పుడే. ఇందులో గోదురు కప్పల జాతులు ఆరితేరినవి. గ్యారీ గిల్లిస్ అనే శాస్త్రవేత్త బృందం కేన్ టోడ్ అనే గోదురు కప్ప ముందు కాళ్ళ కండరాల్లో విద్యుత్ సంకేతాలు కొలిచింది. నేలని తాకకముందే, గాల్లో ఉండగానే ఆ కండరాలు బిగుసుకుంటాయి, ఎంత దూరం గెంతిందో దాన్నిబట్టి ఎక్కువ తక్కువలు కూడా ఉంటాయి. అంటే దెబ్బ ఎంత తగలబోతోందో దానికి ముందే అంచనా ఉంది. దీనికి పూర్తి వ్యతిరేకం న్యూజీలాండ్‌లోని లియోపెల్మా కప్పలు, ఉత్తర అమెరికా తోక కప్ప. అవి చక్కగా గెంతుతాయి, కానీ కాళ్ళు సకాలంలో ముందుకి తెచ్చుకోలేక పొట్ట మీద బోర్లా పడతాయి. బ్రెజిల్లో గోరంత ఉండే పంప్‌కిన్ టోడ్‌లెట్లదైతే ఇంకా కష్టం. గాల్లోనే పల్టీలు కొట్టి వెల్లకిలా కూడా పడతాయి. వాటి లోపలి చెవిలో బ్యాలెన్సు తెలిపే గొట్టాలు మరీ చిన్నవి కావడంతో తాము ఎటు తిరుగుతున్నదీ వాటికి అందదని 2022లో వచ్చిన పరిశోధన వివరించింది.

ఇప్పుడు నీళ్ళు. నీళ్ళలో బరువు సమస్య దాదాపు పోతుంది, దిగే సమస్య అసలే లేదు. వాటి బదులు రెండు కొత్త చిక్కులు వస్తాయి. ఒకటి, ఎంత నెట్టినా నీళ్ళు జారిపోతాయి. కాబట్టి వీలైనన్ని ఎక్కువ నీళ్ళని ఒకేసారి నెట్టాలి. వెనక కాలి అయిదు వేళ్ళ మధ్య ఉండే పల్చని తోలు పని అదే. తన్నేటప్పుడు వేళ్ళు విచ్చుకుని పాదం వెడల్పవుతుంది. రెండోది, కాలిని మళ్ళీ ముందుకి లాక్కోవాలి. వెడల్పు పాదంతోనే లాక్కుంటే ముందుకి వచ్చిన దూరమంతా వెనక్కి పోతుంది. అందుకే లాక్కునేటప్పుడు వేళ్ళు దగ్గరికి ముడుచుకుంటాయి, తోలు మడత పడుతుంది, కాలు కాస్త నెమ్మదిగా వస్తుంది. నేల మీద కాలు వెనక్కి తెచ్చుకోవడం గాల్లో జరిగే పని, దానికి ఖర్చేమీ లేదు. నీళ్ళలో ఈదడమంతా ఆ ఖర్చు తగ్గించుకోవడమే అనుకోవచ్చు.

గాజు తొట్టిలో కప్పని వదిలి పక్కనుంచి స్లో మోషన్ తీస్తే ఇంకో రెండు విషయాలు కనిపిస్తాయి. తన్నిన వెంటనే మళ్ళీ తన్నదు, కాళ్ళు వెనక్కి చాచే ఉంచి కొంతదూరం అలా సాగిపోతుంది. ముందు కాళ్ళు ఒంటికి ఆనించి ఉంటాయి. వాటి నాలుగు వేళ్ళ మధ్య తోలు లేదు, ఈతలో వేగానికి వాటి పాత్ర దాదాపు సున్నా. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం కాస్త కదిలిస్తుంది. మా విద్యార్థులకి ఇది చూపించేదాకా ముందు కాళ్ళతో కూడా ఈదుతుందనే చాలామంది అనుకునేవారు. (చూసిన వెంటనే పట్టుకున్న చోటే వదిలెయ్యండి. కొన్ని కప్పలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.)

చెరువు గట్టున కాలు పెట్టగానే నీటి మీద టపటపా గెంతుకుంటూ పారిపోయే చిన్న కప్ప మీరు చూసే ఉంటారు. యూఫ్లిక్టిస్ అంటాం. కళ్ళు పైకి తిరిగి ఉంటాయి, కాలివేళ్ళ కొసల దాకా తోలు ఉంటుంది. గట్టు కన్నా నీళ్ళలో తేలుతూ ఉండటమే దానికి ఇష్టం. ఇది నీటి మీద "పరిగెడుతుంది" అని చాలామంది చెప్తారు. ఇలాగే నీటి మీద పరిగెడుతుందని పేరుపడ్డ అమెరికా క్రికెట్ కప్పని వర్జీనియా టెక్ వాళ్ళు హైస్పీడ్ కెమెరాతో తీసి 2024లో ఫలితం చెప్పారు. అది నీటి పైపొర మీద నిలవడమే లేదు. ప్రతి గెంతుకీ పూర్తిగా మునిగి, లోపల కాళ్ళు చాచి, మళ్ళీ బయటికి ఎగురుతోంది. ఇదంతా అంత వేగంగా జరగడంతో మన కంటికి పైపైనే పోతున్నట్టు ఉంటుంది. మన చెరువు కప్ప వేరే జాతి, ఆ ఫలితాన్ని తీసుకొచ్చి దీనికి అంటించకూడదు. కానీ ఫోను చేతిలో ఉన్నవాళ్ళు తీసి చూడాల్సిన విషయమే.

గెంతు ముందా, ఈత ముందా? మీరు అడగలేదు కానీ "రెండూ ఒకటేనా" అన్నదానికి అసలైన సాక్ష్యం ఇక్కడే ఉంది. ఇందాక బోర్లా పడతాయన్న లియోపెల్మా, తోక కప్పలు ఇప్పుడున్న కప్పల్లో అతి పాత శాఖలవి. అవి నేల మీద రెండు కాళ్ళూ కలిపే తన్ని గెంతుతాయి. నీళ్ళలో మాత్రం కుడి ఎడమ కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తూ ఈదుతాయి. రెండు కదలికలూ ఒకటే అయితే ఇలా జరగడానికి వీల్లేదు. రెండు కాళ్ళూ కలిపి తన్నడం ముందు నేల మీద వచ్చి, తర్వాతెప్పుడో ఈతలోకి చేరిందని దీన్నిబట్టి అనుకుంటారు. ఎముకలు కూడా గెంతు పాతదే అంటాయి. అమెరికాలోని ఆరిజోనాలో దొరికిన ప్రొసాలిరస్ అనే తొలి జురాసిక్ కాలపు శిలాజంలోనే పొడవాటి తుంటి, సాగిన చీలమండ కనిపిస్తాయి. 1995లో దాన్ని వర్ణించారు.

ఇక మీ గోదురు కప్ప. అది గెంతలేక కాదు, దానికి పొడుగు గెంతు అవసరం తక్కువ. దాని వెనక కాళ్ళు ఒంటితో పోలిస్తే పొట్టి. ఒక్క ఊపులో దూరం పోలేదు. చిన్న చిన్న గెంతులు వేస్తుంది, లేదా నాలుగు కాళ్ళతో నడుస్తుంది. కళ్ళ వెనక ఉబ్బెత్తుగా కనిపించే గ్రంథుల్లో విషం ఉంటుంది కాబట్టి, నోట పెట్టుకున్న కుక్క నురగ కక్కుతూ వదిలేస్తుంది. పారిపోవాల్సిన టెన్షన్ దానికి తక్కువ.

దీని వెనక ఒంటి లోపలి తేడా కూడా ఒకటుంది. గెంతే కప్ప తన శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ లేకుండానే పుట్టిస్తుంది. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, వరసగా తరిమితే కొద్ది నిమిషాల్లోనే చతికిలబడుతుంది. గోదురు కప్ప ఎక్కువగా ఆక్సిజన్ మీద నడుస్తుంది. వేగం లేదు కానీ రాత్రంతా వీధి దీపాల కింద పురుగుల కోసం తిరగ్గలదు. ఓపిక అంటే ఎంతో తెలియాలంటే ఆస్ట్రేలియాని చూడాలి. చెరకు పురుగుల కోసం 1935లో అక్కడికి తెచ్చిన కేన్ టోడ్లు దేశం మీదికి పాకుతూ పోయాయి. ఆ దండులో ముందు వరసలో ఉన్నవాటి కాళ్ళు వెనక ఉన్నవాటికన్నా పొడుగని 2006లో తేలింది.

మీ బాత్‌రూమ్ గోడ మీద కనిపించే సన్నటి గోధుమ రంగు కప్ప చెట్టుకప్ప. దాని వేలి కొసల్లో గుండ్రటి మెత్తలుంటాయి. వాటి మీద ఆరు పలకల కణాలు, వాటి మధ్య సన్నటి కాలువలు, ఆ కాలువల్లో జిగురునీరు. ఆ తడి వల్లే నున్నటి టైలుకి పట్టు దొరుకుతుంది. విడిపించుకోవాలంటే వేలిని వెనక వైపు నుంచి కొస వైపుకి ఒలిచినట్టు ఎత్తుతుంది. ఇసుక నేలల్లో వెనక్కి వెనక్కి తిరుగుతూ భూమిలోకి దిగిపోయే కప్పలూ ఉన్నాయి, మడమ దగ్గర గట్టి బొడిపె ఉంటుంది, దాంతో మన్ను తోస్తాయి. దీన్ని చూడాలంటే తొలకరి పడిన రాత్రి టార్చి పట్టుకుని వెళ్ళాలి.

తోకకప్పలు, అంటే కప్ప పిల్లలు (ఇందాకటి అమెరికా తోక కప్ప కాదు), వేరే జంతువులన్నట్టే లెక్క. మీ తొట్టిలో నల్లగా గుంపులుగా తిరిగేవి అవే. వాటికి తోకే ఈత. అందులో ఎముకలు లేవు, పృష్ఠవంశం అనే మెత్తటి కడ్డీ, కండరం, రెక్క లాంటి పల్చటి తోలు ఉంటాయి. అందుకే తర్వాత ఆ తోకని ఒళ్ళు తనలోకే ఇంకించుకోగలుగుతుంది. ఊడి పడిపోతుందని చాలామంది నమ్మకం, అది నిజం కాదు. ఈ మార్పునంతా నడిపేది థైరాయిడ్ హార్మోను. 1912లోనే గుడెర్‌నాచ్ అనే ఆయన తోకకప్పలకి థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే అవి తొందరగా కప్పలయ్యాయి. వెనక కాళ్ళు ముందు బయటికి కనిపిస్తాయి, ముందు కాళ్ళు మొప్పల గది లోపల పెరిగి ఒక్కసారిగా బయటికి వస్తాయి. నాలుగు కాళ్ళూ సగం తోకా ఉన్న ఆ కొద్ది రోజులే వాటికి గండం. కాళ్ళు తోకకి అడ్డం, తోక కాళ్ళకి అడ్డం, పాములకి అప్పుడు సులువుగా దొరికిపోతాయి.

కప్పలు కాని ఉభయచరాలు రెండు రకాలు. సాలమాండర్లు మన తెలుగు నేల మీద లేవు, దేశంలో డార్జిలింగ్, సిక్కిం, ఈశాన్య రాష్ట్రాల వైపే ఉన్నాయి. అవి గెంతవు. నేల మీద ఒంటిని అటూ ఇటూ వంచుతూ, ముందు కుడి కాలితో పాటు వెనక ఎడమ కాలు, ఇలా ఎదురెదురు కాళ్ళు కలిపి వేస్తాయి. నీళ్ళలోకి దిగగానే కాళ్ళు ఒంటికి ముడిచేసి, తల నుంచి తోక దాకా అల సాగేలా మెలికలు తిరుగుతూ ఈదుతాయి. ఈ రెండు పద్ధతుల మధ్య మీట మెదడు కాండంలో ఉంది. అక్కడ బలహీనమైన విద్యుత్ ఇస్తే నడక, కొంచెం పెంచితే ఈత. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌లో ఔకే ఐస్పెర్ట్ బృందం మెదడు కాండం వెన్నుపాముని నడిపే ఈ పద్ధతితోనే నడిచి, ఈదే రోబోని తయారుచేసి 2007లో చూపించింది.

రెండోవి కాళ్ళు లేని సిసీలియన్లు. ఇంటర్ పుస్తకంలో ఇక్తియోఫిస్ అని చదివి మర్చిపోయేవి ఇవే. పడమటి కనుమల్లో ఎక్కువ. మన వైపు తూర్పు కనుమల కొండల్లోంచి కూడా ఆంధ్ర, ఒడిశాల్లో దొరికిన గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే జాతిని 2013లో వర్ణించారు. వానపాము అనో గుడ్డి పాము అనో కొట్టి చంపేస్తుంటారు. దీని కదలిక నాకు కప్ప గెంతుకన్నా గొప్పగా తోస్తుంది. చర్మం, దాని కింది కండరాల పొర ఒక గొట్టం, వెన్నెముక ఆ గొట్టంలో వదులుగా ఉంటుంది. గొట్టాన్ని మట్టికి ఆనించి ఉంచి, లోపలి ద్రవం మీద ఒత్తిడి పెంచి, వెన్నెముకతో సహా తలని ముందుకి గుచ్చుతుంది. మెక్సికో జాతి ఒకదాని మీద కొలిస్తే, అంతే లావున్న, మట్టిలో బతికే పాముకన్నా దాదాపు రెట్టింపు బలంతో నెట్టింది. 1997లో ఇది అచ్చయింది.

చివరగా మీ తొట్టి సంగతి. చాలామంది కప్ప కాబట్టి నీళ్ళలో దానికేం కాదు అనుకుంటారు. గోడలు నిటారుగా ఉండి, నీళ్ళు అంచుకి జానెడు కిందుంటే గోదురు కప్ప దానంతట అది బయటికి రాలేదు. నేల మీదైతే గట్టి ఆధారాన్ని తన్ని లేస్తుంది, లోతు నీళ్ళలో కాలికింద నీళ్ళు జారిపోతాయి కాబట్టి అంత ఎత్తు లేవలేదు. గంటల తరబడి గోడ చుట్టూ తిరిగి, అలసిపోయి చచ్చిపోతుంది. మేము సర్వేలకి వెళ్ళినప్పుడు మెట్లు లేని బావుల్లో, ఇళ్ళ సంపుల్లో ఇలా తేలినవి తరచూ కనిపించేవి. చెట్టుకప్పకి ఈ బెడద లేదు, గోడెక్కి వెళ్ళిపోతుంది.

చెయ్యాల్సింది చిన్న పని. ఒక పాత గోనెసంచి తీసుకుని ఒక కొస తొట్టి అంచు మీద రాయి కింద బిగించండి, రెండో కొస నీళ్ళలో అడుగుదాకా వేలాడాలి. గరుకుగా ఉంటుంది కాబట్టి పాక్కుంటూ వచ్చేస్తుంది. నున్నటి ప్లాస్టిక్ షీటు, పీవీసీ పైపు పెడితే లాభం లేదు, జారిపోతుంది. గోనె కుళ్ళిన వాసన వస్తే మార్చండి. మీ అమ్మాయి చేత్తో తీసి బయట పెట్టాలనుకుంటే చెయ్యి ముందు నీళ్ళతో తడుపుకోమనండి, పొడి చెయ్యి దాని చర్మానికి మంచిది కాదు. పట్టుకున్నాక సబ్బుతో కడుక్కునేదాకా కళ్ళు నులుముకోవద్దని చెప్పండి. పులిపిర్లు మాత్రం రావు.